పెట్రోలు టాంకుకూ ఊపిరాడాలి

పాత కారు ఉన్న ఇళ్ళలో పెట్రోలు వాసన విషయమై రెండు రకాల మనుషులు కనిపిస్తారు. "పాత కారన్నాక ఆ మాత్రం వాసన ఉండదటండీ!" అని తీసిపారేసేవారు ఒక రకం. వాసన ముక్కుకు తగిలీ తగలకముందే, కారు పేలిపోతుందని పిల్లల్ని చెయ్యి పట్టుకుని కిందికి దించేసేవారు రెండో రకం. ఇద్దరి మాటలోనూ కొంత నిజం లేకపోలేదు. కాని అడగవలసిన ప్రశ్నలు మాత్రం ఇద్దరూ అడగరు. వాసన ఎప్పుడు వస్తోంది? ఎక్కడ ఎక్కువగా ఉంది? టాంకు మూత తిప్పినప్పుడు గాలి బయటికి తోసుకువస్తోందా, లోపలికి పోతోందా? ఈ మూడింటికీ జవాబు తెలిస్తే జబ్బు సగం తెలిసినట్టే. తక్కిన సగం షెడ్డులో మెకానిక్కు చూసుకుంటాడు.

ఇది ఏ కొద్దిమందికో సంబంధించిన వ్యవహారమనుకోనక్కరలేదు. అంబాసిడర్ కార్ల తయారీ 2014లో ఆగిపోయింది. మారుతి 800 కూడా ఆ సంవత్సరమే నిలిచిపోయింది. ప్రీమియర్ పద్మిని అంతకు చాలా ముందే వెళ్ళిపోయింది. అయినా మన ఊళ్ళలో ఏ వీధికి వెళ్ళినా ఇవి ఇంకా కంటపడుతూనే ఉన్నాయి. సొంత కారుకు మొదటి రిజిస్ట్రేషను 15 ఏళ్ళు. ఆ తర్వాత అయిదేళ్ళకొకసారి మళ్ళీ చేయించుకుంటూ నడుపుకునేవారు ఎందరో. తాతగారి కారని కొందరు, కొత్తది కొనే స్తోమతు లేక కొందరు. రబ్బరుకూ బెండుకూ మాత్రం ఈ మమకారాలు తెలియవు. వాటి ఆయుర్దాయం వాటిదే.

ఆవిరి సంగతి

నీళ్ళు మరగాలంటే 100 డిగ్రీల వేడి కావాలి. పెట్రోలుకు అట్లాంటి ఒక్క లెక్క లేదు. ఎందుకంటే అది ఒకే పదార్థం కాదు, వందలాది హైడ్రోకార్బనుల కలగలుపు. అందులో బాగా తేలికపాటివి 35 డిగ్రీల దగ్గరే మరిగే రకం. బరువైనవి 200 డిగ్రీల దాకా కదలవు. కనుక మే నెలలో ఏ రెంటచింతలలోనో మిట్టమధ్యాహ్నం ఎండలో నిలబెట్టిన కారు టాంకులో, ఆ తేలికపాటి భాగం ఎప్పుడెప్పుడు ఆవిరైపోదామా అని తహతహలాడుతూ ఉంటుందన్నమాట.

ఆవిరి కావడం ఒక్కటే కాదు, ద్రవంగా మిగిలినది కూడా వేడికి ఉబ్బుతుంది. 40 లీటర్ల పెట్రోలు 20 డిగ్రీలు వేడెక్కితే సుమారు ముప్పాతిక లీటరు పెరుగుతుంది. బంకులో పెట్రోలు భూమిలో పాతిన టాంకులో ఉంటుంది గనుక వేసవిలో కూడా అది కాస్త చల్లగానే ఉంటుంది. ఆ చల్లని పెట్రోలును మూతి దాకా పోయించుకుని, తిన్నగా వెళ్ళి పెళ్ళిపందిరి ముందు ఎండలో కారు నిలబెట్టి, మనం విస్తరి ముందు కూర్చుంటే, ఆ ముప్పాతిక లీటరు ఎక్కడికి పోవాలి?

అంచేత టాంకు ఊపిరి తీస్తుంది. పగటి వేడికి వదులుతుంది, రాత్రి చల్లబడ్డాక పీలుస్తుంది. కారు నడుస్తున్నంతసేపూ ఇంజను తాగిన పెట్రోలు చోటును భర్తీ చెయ్యడానికి మళ్ళీ గాలి పీలుస్తుంది. నూనె డబ్బాకు ఒకటే చిల్లు పెడితే ఏమవుతుందో కిరాణా కొట్టులో చూసే ఉంటారు. గుడగుడమంటూ ఆగి ఆగి పడుతుంది, కాసేపటికి అదీ ఆగిపోతుంది. ఎదురు మూలన రెండో చిల్లు పెట్టగానే ధార కడుతుంది. పెట్రోలు టాంకుకు కూడా రెండో చిల్లు ఉండవలసిందే. అది ఎక్కడ ఉందన్నదే పాత కారుకూ, అంతకంటె కాస్త కొత్త కారుకూ తేడా.

పాత కాలపు కార్లలో మూతకే సన్నని రంధ్రం ఉండేది. లేకపోతే టాంకు నెత్తిన ఒక సన్నని గొట్టం ఉండేది. ఊపిరి ఆ దారిన ఆకాశంలో కలిసిపోయేది. ఎవరూ దాన్ని పట్టించుకోలేదు. పట్టించుకునేలా చేసినవాడు, తమాషాగా, అనాసపండు వాసన మీద పరిశోధన చేస్తున్న ఒక రసాయన శాస్త్రజ్ఞుడు. 1943 జూలైలో లాస్ ఏంజెలస్ నగరాన్ని కళ్ళు మండించే పొగమంచు కమ్మింది. యుద్ధకాలం గదా, శత్రువు విషవాయువు వదిలాడేమోనని జనం హడలిపోయారు. కాలిఫోర్నియాలో పనిచేస్తున్న ఆరీ హాగెన్-స్మిట్ అనే డచ్చి శాస్త్రజ్ఞుడు, అనాస పరిమళాన్ని ఏ పద్ధతిలో పట్టి పరీక్షిస్తున్నాడో ఆ పద్ధతిలోనే ఊరి గాలిని పట్టి చూసి, 1950 ప్రాంతాల్లో గుట్టు విప్పాడు. కాలకుండా గాలిలో కలిసిన పెట్రోలు ఆవిరీ, కార్ల పొగలోని నైట్రోజన్ ఆక్సైడులూ ఎండలో వండుకుని ఓజోను తయారుచేస్తున్నాయని తేల్చాడు. దాని ఫలితంగా 1970 మోడలు కార్ల నుంచి కాలిఫోర్నియాలోనూ, మరుసటి ఏడాది నుంచి అమెరికా అంతటానూ టాంకు ఊపిరికి కళ్ళెం పడింది. మూతకు రంధ్రం మూసేశారు. ఆవిరిని ఒక పైపు ద్వారా బొగ్గు డబ్బాలోకి మళ్ళించారు. కారు నిలబడి ఉండగా ఆ బొగ్గు ఆవిరిని పట్టి ఉంచుతుంది. ఇంజను నడిచేటప్పుడు డబ్బాలో నుంచి గాలిని పీల్చి, ఆ ఆవిరిని కూడా కాల్చేస్తుంది. మన దేశంలో 2000 తర్వాత వచ్చిన ఇంజక్షన్ కార్లలో ఈ బొగ్గు డబ్బా మామూలు సామానైపోయింది.

కనుక ఇవాళ పాత కారంటే రెండు జాతులు. మూత ద్వారా ఊపిరి తీసేది ఒకటి, బొగ్గు డబ్బా ద్వారా తీసేది ఇంకొకటి. మీ కారు ఏ జాతిదో తెలుసుకోకుండా వైద్యం మొదలుపెట్టకూడదు.

ముక్కుతో పరీక్ష

ముందుగా ముక్కును గురించి ఒక్క మాట. పెట్రోలు ఆవిరి గాలిలో నూటికి సుమారు ఒకటిన్నర పాళ్ళ నుంచి ఏడున్నర పాళ్ళ దాకా ఉన్నప్పుడే అంటుకుంటుంది. మన ముక్కు అంతదాకా ఆగదు. పది లక్షల పాళ్ళలో ఒక పాలు ఉన్నా పసికడుతుంది. కాబట్టి వాసన రావడమూ, కారు పేలబోవడమూ ఒకటి కావు. అయితే ఈ ముక్కుకే ఒక దుర్గుణం ఉంది. పది నిమిషాలు ఆ వాసనలోనే కూర్చుంటే ఇక దానికి తెలియదు. రోజూ కారు నడిపేవాడు "ఏం వాసనా లేదే" అంటే నమ్మకూడదు. అప్పుడే బయటి నుంచి వచ్చిన మనిషిని పిలిచి తలుపు తీయించాలి. సాక్ష్యానికి వాళ్ళే పనికివస్తారు.

ఇంకొక సంగతి. పెట్రోలు ఆవిరి గాలికంటె మూడు నాలుగు రెట్లు బరువు. అది పైకి లేవదు, కిందికి దిగుతుంది. డిక్కీ అడుగున, సీట్ల కింద, షెడ్డు నేల మీద, మెకానిక్కు దిగే గోతిలో నిలువ ఉంటుంది. నిలబడి వాసన చూసి ఏమీ లేదనుకుంటే చాలదు. వంగి చూడాలి.

ఇక వేళల సంగతి. టాంకు నిండుగా పోయించిన రోజునే వాసన వచ్చి, సగానికి దిగేసరికి మాయమవుతుంటే, లోపం టాంకు పైభాగంలో ఉన్నట్టు. పెట్రోలు పోసే మెడ దగ్గరి రబ్బరు పైపో, ముల్లుకు లెక్క చెప్పే ఫ్లోటు కింద ఉండే వాషరో, టాంకు నెత్తిమీది అతుకో చెడి ఉంటుంది. టాంకు సగమే ఉన్నా వాసన ఎప్పుడూ ఒకేలా ఉంటే అడుగు భాగం చూడాలి. అక్కడ తుప్పు పట్టి చెమర్చడం పాత కార్లకు కొత్తేమీ కాదు.

కారు బాగా నడిచివచ్చి ఆగిన తర్వాత, బోనెట్టు వైపు నుంచి కాసేపు వాసన వచ్చి పోతుంటే అది వేరే కథ. ఇంజను ఆగగానే ఫాను గాలి ఉండదు. ఇంజను వేడి పైకి లేచి కార్బొరేటరు గిన్నెలోని కాస్త పెట్రోలునూ ఉడికిస్తుంది. వేసవిలో ఇది కొంతవరకు సహజం. కాని బోనెట్టు ఎత్తి చూస్తే కార్బొరేటరు ఒళ్ళు తడిగా ఉందా, లేచిపోయిన పెట్రోలు వదిలిన గోధుమరంగు మరకలు ఉన్నాయా, అప్పుడది సహజం కాదు. గిన్నెలో పెట్రోలు మట్టానికి కావలి కాసే సూది అరిగిపోయి, పొంగి పొర్లుతున్నదన్నమాట. కింద ఎగ్జాస్టు గొట్టం ఎర్రగా కాలుతూ ఉంటుంది. అటువంటప్పుడు ఆ పూటకే బాగుచేయించాలి.

ఇంజను ఆయిలు కడ్డీని తీసి వాసన చూడడం చాలామంది చెయ్యని పరీక్ష. పాత కార్లలో ఇంజను పక్కన ఉండే పంపులో ఒక పొర ఉంటుంది. అది చిరిగితే పెట్రోలు బయటికి కారదు, నేరుగా ఆయిల్లోకి దిగిపోతుంది. కింద చుక్క కనబడదు, టాంకు ముల్లు మాత్రం పడిపోతూ ఉంటుంది. ఆయిలు పల్చబడి, పోయకుండానే దాని మట్టం పెరుగుతుంది. ఆయిలు తగ్గితే అందరూ కంగారుపడతారు గాని, పెరిగితే సంతోషించేవారే ఎక్కువ! అట్లా పెరిగిన ఆయిలుకు పెట్రోలు వాసన ఉంటే ఆ కారును ఇక నడపకూడదు.

కారు పరుగెత్తుతున్నప్పుడే, అందులోనూ వెనక అద్దాలు దించినప్పుడే వాసన వస్తే, అది బహుశా పచ్చి పెట్రోలు వాసన కాదు, ఎగ్జాస్టు పొగ. పరుగెత్తే కారు వెనక గాలి పలచబడి, పొగ తిరిగి డిక్కీ రబ్బరు సందుల్లోంచి లోపలికి వస్తుంది. పెట్రోలు ఎక్కువై, గాలి తక్కువై మండే ఇంజనుకు ఈ జాడ్యం ఉంటుంది. వాసన ఉన్న పొగ వెంట వాసన లేని కార్బన్ మోనాక్సైడు కూడా వస్తుంది. భయపడవలసింది దానికి. దీన్ని టాంకు జబ్బనుకుని టాంకు విప్పడం కాలయాపన.

చెవితో పరీక్ష

ముక్కు తర్వాత చెవి. అరగంట నడిపి వచ్చి, కారును నీడలో, బయలు ప్రదేశంలో ఆపండి. ఇంజను ఆపివేసి, చుట్టుపక్కల సిగరెట్లు లేకుండా చూసుకుని, టాంకు మూతను మెల్లగా, కొద్దికొద్దిగా తిప్పండి. ముఖం పక్కకు పెట్టుకోవాలి.

రంధ్రం ఉన్న మూత గల పాత కారయితే ఏ చప్పుడూ రాకూడదు. బొగ్గు డబ్బా ఉన్న కారయితే, ఎండ రోజున చిన్నగా "ఫుస్" మని ఒక్క క్షణం రావడం మామూలే. అటువంటి మూతల్లో ఒత్తిడి మరీ పెరిగితే బయటికి, మరీ తగ్గితే లోపలికి తెరుచుకునే చిన్న కవాటాలు ఉంటాయి. అవి కాస్తంత ఒత్తిడి నిలిచేదాకా తెరుచుకోవు. కాని చాలాసేపు బుసకొడుతూ గాలి రావడం, దానితోపాటు పెట్రోలు చిమ్మడం ఉంటే, ఆవిరి దారి మూసుకుపోయినట్టు. పైపు ఎక్కడో నలిగి ఉంటుంది, లేదా బొగ్గు డబ్బా తడిసి ముద్దయి ఉంటుంది. అట్లా కాక గాలి లోపలికి "సుయ్" మని పోతూ ఉంటే టాంకు ఊపిరి పీల్చుకోలేక అవస్థ పడుతున్నట్టు. ఇటువంటి కారు కొన్ని మైళ్ళు బాగా నడిచి, ఎక్కుతూ పడుతూ ఆగిపోతుంది. కాసేపు ఆగితే మళ్ళీ లేస్తుంది. మెకానిక్కులు పంపు మారుస్తారు, కార్బొరేటరు కడుగుతారు, ప్లగ్గులు మారుస్తారు. మూత జోలికి మాత్రం ఎవరూ పోరు.

దీనికి నేను ఎరిగిన ఉదాహరణ ఒకటి చెబుతాను. మా కాలేజీలో చరిత్ర చెప్పే మిత్రుడొకాయనకు 1980ల నాటి కారు ఉంది. కంపెనీ పేరు ఇక్కడ అనవసరం. ఆయన కూతురికి తొమ్మిదేళ్ళు. కారెక్కితే చాలు, పిల్లకు వాంతులు. "దానికి కారు పడదురా, బస్సులో తీసుకుపోరాదూ?" అనేది వాళ్ళ నాయనమ్మ. చేతిలో నిమ్మకాయ పెట్టేవారు, ముందు సీట్లో కూర్చోబెట్టేవారు, ప్రయాణం ముందు ఏమీ తిననిచ్చేవారు కాదు. పిల్ల కూడా తనదే తప్పనుకుని కారు ప్రయాణమంటే ఏదో ఒక వంకతో ఇంట్లో ఉండిపోవడం మొదలుపెట్టింది.

ఒకనాడు వాళ్ళింటికి వచ్చిన చుట్టమొకాయన కారు ఎక్కుతూనే, "ఇంత పెట్రోలు వాసనలో ఎట్లా కూర్చుంటున్నారు?" అన్నాడు. ఇంట్లో ఎవరికీ ఆ వాసనే తెలియడం లేదు! షెడ్డుకు తీసుకుపోతే, టాంకు నెత్తిన ఫ్లోటు కింద ఉన్న బెండు వాషరు ఎండి బీటలు వారిందని తేలింది. ఆ ఆవిరి డిక్కీలో నిండి, వెనక సీటు సందుల్లోంచి పిల్ల కూర్చునే చోటికి వస్తోంది. వాషరు మార్చారు. వాసన పోయింది. పిల్ల వాంతులూ పోయాయి. ఇంటిల్లిపాదీ సంతోషించారు.

నాలుగో రోజున గుంటూరు నుంచి నరసరావుపేట వెళుతూ ఉంటే, ఫిరంగిపురం దగ్గర కారు ఎగిరెగిరిపడి ఆగిపోయింది. అరగంట తర్వాత లేచింది. మళ్ళీ కొంత దూరం పోయి ఆగింది. వెనక్కి వచ్చాక ఒక షెడ్డులో పంపు మార్చారు. గుణం కనబడలేదు. ఇంకో షెడ్డులో టాంకు దించి కడిగారు. గుణం కనబడలేదు. మూడోచోట ఒక ముసలి మెకానిక్కు ఏ పనిముట్టూ తియ్యకుండా, "ఆగినప్పుడు మూత తీసి చూశారా మాస్టారూ?" అని అడిగాడు.

"లేదే!"

"ఈ తాళం మూత బండితో వచ్చింది కాదు. ఎప్పుడు వేయించారు?"

"ధనుర్మాసంలో. రాత్రిపూట ఎవరో పెట్రోలు తీసేస్తున్నారని."

"పాపకు వాంతులు ఎప్పటి నుంచి?"

మిత్రుడు ఒక్క క్షణం ఆలోచించాడు. "సంక్రాంతికి ఊరెళ్ళినప్పటి నుంచి."

ఆ తాళం మూతకు రంధ్రం లేదు. అది పెట్టిన నాటి నుంచి టాంకుకు ఊపిరి దారి మూసుకుపోయింది. ఎండలో నిలబెడితే ఆవిరి ఒత్తిడి పెరిగి, బలహీనంగా ఉన్న బెండు వాషరును చీల్చుకుని డిక్కీలోకి వచ్చింది. కారు నడిచేటప్పుడు అదే బీటలోంచి గాలి లోపలికి పోయేది. కాబట్టే ఇంజను ఆగేది కాదు. వాషరు కొత్తది వెయ్యడంతో ఆ దొంగదారి కూడా మూసుకుపోయి, ఇంజనుకు పెట్రోలు అందకుండా పోయింది. మొదటి షెడ్డువాళ్ళు చేసిన పని తప్పు కాదు, సగమే చేశారు. ఆ ముసలాయన పాత రకం మూత ఒకటి వెతికి పెట్టి, పంపేశాడు. పిల్ల ఇప్పుడు వెనక సీట్లోనే కూర్చుంటోంది. నాయనమ్మ మాత్రం నిమ్మకాయ మహిమేనంటుంది.

మూత కొలత సరిపోయినంత మాత్రాన జాతి సరిపోయినట్టు కాదు. స్పేరుపార్టుల దుకాణంలో రంధ్రమున్న మూతా, లేని మూతా పక్కపక్కనే ఉంటాయి. రెండూ ఒకే మెడకు పడతాయి. ఊపిరికి వేరే గొట్టం లేని కారుకు రంధ్రం లేని మూత పెడితే పైన చెప్పిన కథ. బొగ్గు డబ్బా ఉన్న కారుకు రంధ్రం ఉన్న మూత పెడితే, డబ్బా ఉండీ లేనట్టే. ఆవిరంతా మూత చుట్టూ కంపుకొడుతుంది. ఇంకొందరు మహానుభావులు ఉన్న మూతకు మేకుతో చిల్లు కొడతారు. వానాకాలంలో ఆ చిల్లులోంచి నీళ్ళు దిగుతాయి. కారు బోల్తాపడితే దానిలోంచి పెట్రోలు ధార కడుతుంది.

చెయ్యకూడని పనులు

టాంకులో లోపం వెతకడానికి గాలి కొట్టే యంత్రం పైపు టాంకుకు తగిలించడం కొన్ని షెడ్డులలో చూశాను. ఈ లెక్క చూడండి. టాంకు ఒక పక్క 50 సెంటీమీటర్ల పొడవు, 40 సెంటీమీటర్ల వెడల్పు ఉందనుకుందాం. అంటే 2000 చదరపు సెంటీమీటర్లు. టైరుకు కొట్టే గాలి ఒత్తిడిలో ముప్ఫయ్యో వంతు, అంటే చదరపు సెంటీమీటరుకు 70 గ్రాములు మాత్రమే పెట్టినా, ఆ పలుచని రేకు మీద 140 కిలోల బరువు పడుతుంది. ఇద్దరు మనుషులు ఎక్కి నిలబడ్డట్టు. లోపలి ఒత్తిడి తగ్గితే బయటి గాలి కూడా అట్లాగే నొక్కి, టాంకును డొక్కలు పోయేలా చేస్తుంది. ఊపిరి దారి మూసుకున్న టాంకులు లోపలికి చొట్టపోవడం అందువల్లనే.

చెమర్చే చోటు కనిపెట్టడానికి యంత్రాలతో పనిలేదు. మా వృత్తిలో పుష్కలంగా దొరికే సుద్దముక్క చాలు. టాంకు అతుకులను గుడ్డతో తుడిచి, ఆరాక సుద్ద రాసి, రాత్రంతా వదిలెయ్యాలి. ఎక్కడ పెట్రోలు ఊరుతోందో అక్కడ సుద్ద నల్లబడి తడి చార కడుతుంది. మన పెట్రోలులో రంగు కలుపుతారు గనుక ఆరిపోయాక కూడా మరక మిగులుతుంది. దారి మధ్యలో సన్నని చెమ్మ కనబడితే బట్టల సబ్బు మెత్తగా చేసి అద్దడం పాత డ్రైవర్ల చిట్కా. పెట్రోలుకు సబ్బు కరగదు కాబట్టి ఇల్లు చేరేదాకా నిలుస్తుంది. అంతకుమించి దానిమీద ఆశ పెట్టుకోకూడదు.

అగ్గిపుల్ల గీసి చూడడం, మామూలు బల్బు తీగ వేలాడదీసుకుని కారు కిందికి దూరడం సంగతి వేరే చెప్పాలా? చెప్పవలసింది ఖాళీ టాంకును గురించి. నిండు టాంకుకంటె ఖాళీ టాంకు ప్రమాదం. అందులో ద్రవం లేకపోవచ్చు. అంటుకోవడానికి సరిపోయే పాళ్ళలో గాలీ ఆవిరీ కలిసి ఉంటాయి. "పెట్రోలంతా తీసేశాంగా" అని వెల్డింగు పెట్టించుకున్న టాంకులు బాంబుల్లా పేలాయి. టాంకుకు మాటు వెయ్యాలంటే దాన్ని దించి, ఆవిరి పట్టి, నీళ్ళు నింపి పనిచేసే అలవాటున్న చోటికే ఇవ్వాలి. చిల్లులు ఎక్కువైతే వేరే టాంకు కొనడం నయం.

వాసన వస్తున్న కారును ఇంటికి ఆనుకుని ఉన్న మూసిన షెడ్డులో పెట్టకూడదు. పక్క గదిలో పూజ దీపమో, గ్యాసు పొయ్యో ఉంటుంది. నేల వెంట పాకే ఆవిరికి గుమ్మం కింది సందు చాలు.

రౌండు ఫిగరు వ్యామోహం

బొగ్గు డబ్బా ఉన్న కార్లకు మన దేశంలో ఒక ప్రత్యేక శత్రువు ఉంది. బంకులో గొట్టం తనంతట తాను "టక్" మని ఆగిపోతుంది. అంటే టాంకులో ఆవిరికి ఉంచవలసిన చోటు మాత్రమే మిగిలిందని అర్థం. మనవాళ్ళు అక్కడ ఆగరు. "రౌండు ఫిగరు చెయ్యి బాబూ" అంటారు. ఆ కుర్రాడు కారును ఊపి ఊపి ఇంకో రెండు లీటర్లు కూరుతాడు. ఆ పెట్రోలు ఆవిరి పైపులోకి ఎక్కి బొగ్గు డబ్బాలోకి దిగుతుంది. ఆవిరిని పట్టే బొగ్గు ద్రవంలో మునిగితే పని చెయ్యదు. తర్వాత ముందు చక్రం దగ్గరో, వెనకో, ఆ డబ్బా ఎక్కడ ఉంటే అక్కడ వాసన. పెట్రోలు పోయించుకున్న వెంటనే ఇంజను లేవడానికి మొరాయించడం కూడా ఈ భాగం జబ్బుకు గుర్తే. డబ్బాకూ ఇంజనుకూ మధ్య ఉన్న కవాటం మూసుకోకుండా ఉండిపోయి, ఇంజను ఆవిరితో ఉక్కిరిబిక్కిరి అవుతుంది. ఇంత తంటా ఎందుకని డబ్బాను తీసేసి పైపుకు బిరడా కొట్టే మెకానిక్కులు ఉన్నారు. వాళ్ళు టాంకు ముక్కు మూస్తున్నారన్నమాట.

ఈ మధ్య పాత కార్లకు ఇంకొక పరీక్ష వచ్చిపడింది. 2023 ఫిబ్రవరిలో 20 శాతం ఇథనాలు కలిపిన పెట్రోలు అమ్మకం మొదలైంది. 2025 నాటికి దేశమంతటా అదే మామూలైపోయింది. కార్బొరేటరు కాలం నాటి రబ్బరు పైపులు, బెండు వాషర్లు, పంపు పొరలు ఇథనాలును దృష్టిలో పెట్టుకుని చేసినవి కావు. కొన్ని ఉబ్బుతాయి, కొన్ని గట్టిపడి పగులుతాయి. పైకి నల్లగా నిగనిగలాడుతున్న పైపును వంచి చూస్తే సన్నని నెరియలు కనబడతాయి. మార్చేటప్పుడు నీళ్ళ పైపో, గ్యాసు పైపో కోసి తగిలించకూడదు. ఇంజక్షన్ కార్లకు వాడే, ఆర్9 అని ముద్ర ఉన్న పెట్రోలు పైపు అడిగి తీసుకోవాలి. క్లిప్పులు కూడా కొత్తవి వెయ్యాలి.

బోనెట్టు కింది పైపులు అందరికీ కనబడతాయి గనుక అవి ఎప్పుడో ఒకప్పుడు మారుతాయి. మారనిది ఒక్కటే. పెట్రోలు పోసే మెడకూ టాంకుకూ మధ్య జానెడు పొడవున ఉండే లావుపాటి రబ్బరు పైపు. చాలా కార్లలో కంపెనీలో వేసింది అట్లాగే ఉండిపోయి ఉంటుంది. డిక్కీ లోపలి అట్ట విప్పితేగాని అది కంటపడదు. విప్పడానికి నాలుగు స్క్రూలు.